శాలువా కప్పి పంపితే సరిపోతుందా?

మన సంఘాల్లో తరచుగా చూసే దృశ్యమే ఇది. ఆదివారం ఆరాధన ముగుస్తుంది. ముప్పై ఏళ్లు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరమ్మనో, ఆసుపత్రి వార్డులో రాత్రిళ్లు మేల్కొని రోగులను చూసుకున్న నర్సమ్మనో, ప్రతి ఉదయం గుడి గంట కొట్టి బెంచీలు తుడిచిన పెద్దాయననో ముందుకు పిలుస్తారు. శాలువా కప్పుతారు. దండ వేస్తారు. ఒక జ్ఞాపిక చేతిలో పెడతారు. పెద్దలు నలుగురు మాట్లాడతారు, కాపరి ప్రార్థన చేస్తారు, అందరూ ఆమేన్ అంటారు. భోజనాలయ్యాక ఆ మనిషి ఇంటికి వెళ్లిపోతారు. మరుసటి నెల ఒకటో తారీఖున ఆ ఇంటికి ఏమి వస్తుంది? ఈ ప్రశ్న ఆ సభలో ఎవరూ అడగరు.

ఈ వారం మేము ఆ ప్రశ్నే అడగదలచుకున్నాం. ఎవరినో నొప్పించాలని కాదు, అడగవలసిన సమయం వచ్చింది గనుక.

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలను కలిపి రూపొందించినవి ఇవి. వాటిలో ఒకటైన సామాజిక భద్రతా స్మృతిలోకి ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్, ఇ.ఎస్.ఐ., గ్రాట్యుటీ వంటివన్నీ వచ్చి చేరాయి. మార్పు పూర్తయ్యే వరకు పాత నియమాలు కొనసాగుతాయని ప్రభుత్వం చెప్పింది. కొత్తగా వచ్చిన వాటిలో రెండు సంగతులు మనకు ముఖ్యం. ఒకటి, ఇంత కాలానికని ఒప్పందం మీద తీసుకున్న ఉద్యోగి ఏడాది పనిచేసినా గ్రాట్యుటీకి హక్కుదారుడవుతాడు. రెండోది, మూల వేతనం పేరుకు కాస్త చూపించి మిగతా జీతమంతా అలవెన్సుల కింద రాసే పద్ధతికి కళ్లెం పడింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. పి.ఎఫ్., గ్రాట్యుటీ వంటివి వేతనం మీదే లెక్క కడతారు కాబట్టి ఇది చిన్న మార్పు కాదు.

ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో దీని మీద చర్చ నడుస్తోంది. మన సంఘాల్లో మాత్రం ఇది లోక సంబంధమైన విషయమని పక్కకు పోయింది. కాని ఒక్కసారి ఆలోచించండి. తెలుగు నేల మీద క్రైస్తవ సంఘమంటే ఆరాధన జరిగే గుడి మాత్రమే కాదు. స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు, నర్సింగ్ స్కూళ్లు, హాస్టళ్లు, అనాథ శరణాలయాలు, ముద్రణాలయాలు ఉన్నాయి. వీటిలో కొన్ని నూరేళ్లు దాటినవి. అంటే సంఘం వేలమందికి యజమాని. యజమానిగా మన సాక్ష్యం ఎలా ఉందన్నదే ఇక్కడి ప్రశ్న.

కానుక కాదు, కూలి

రిటైరైన వారికి ఇచ్చే సొమ్మును మనం చాలాచోట్ల "ప్రేమ కానుక" అంటున్నాం. మాట తియ్యగా ఉంది. కాని కానుకకూ కూలికీ తేడా ఉంది. కానుక ఇచ్చేవారి ఇష్టం, ఎంతైనా ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. కూలి పనిచేసినవారి హక్కు, ఇవ్వకపోతే అది అపరాధం. పి.ఎఫ్., పెన్షన్, గ్రాట్యుటీ ఈ రెండో కోవలోవి. పనిచేసిన రోజుల్లోనే సంపాదించుకుని, వృద్ధాప్యం కోసం దాచి ఉంచిన జీతమది.

ఈ మాట మా సొంతం కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం దయతో వేసే బిచ్చం కాదనీ, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చే హక్కనీ తేల్చి చెప్పింది. పెన్షనర్లు ఏటా ఆ తేదీని పండుగలా జరుపుకునేది అందుకే. ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో వచ్చింది. దానిలోని నీతి మాత్రం అందరికీ వర్తిస్తుంది.

సుప్రీంకోర్టు కంటే ఎన్నో శతాబ్దాల ముందే మన చేతిలోని గ్రంథం ఈ సంగతి చెప్పింది. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో, ఆరేళ్లు పనిచేసి ఏడో ఏట విడుదలయ్యే దాసుని గురించిన ఆజ్ఞ ఉంది. యజమాని అతన్ని ఉత్తినే పంపడానికి వీల్లేదు. తన మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలి. గమనించండి, ఇవ్వమన్నది ఇంట్లో మిగిలిన చిల్లర కాదు. ఏ మంద అతని కాపలాలో పెరిగిందో, ఏ కళ్లం అతని చెమటతో నిండిందో అక్కడి నుంచే తీసి ఇవ్వాలి. అలా ఇవ్వడం భారంగా తోచకూడదని కూడా అక్కడే ఉంది. దాసులకే ఈ ఆజ్ఞ ఉంటే, జీతానికి పనిచేసిన సహోదరికి, సహోదరునికి మనం ఎంత అచ్చియున్నాం?

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఈ విషయాలు తెలియకపోవడం వల్లే మన పెద్దలు చాలామంది నష్టపోతున్నారు. అందుకే కాస్త వివరంగా చెప్పక తప్పదు.

20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు పి.ఎఫ్. చట్టం వర్తిస్తుంది. సాధారణంగా ఉద్యోగి వేతనంలో 12 శాతం, యాజమాన్యం తన వంతుగా మరో 12 శాతం జమ చేయాలి. యాజమాన్యం వంతులోంచి 8.33 శాతం 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకానికి వెళ్తుంది. కేంద్రం 1.16 శాతం కలుపుతుంది. పెన్షన్ లెక్కకు వేతనం ఎంత ఉన్నా నెలకు రూ. 15,000 వరకే తీసుకుంటారు. పదేళ్లు చందా కట్టినవారికి 58 ఏళ్లు నిండాక నెలనెలా పెన్షన్ వస్తుంది. చివరి ఐదేళ్ల సగటు వేతనాన్ని, చందా కట్టిన సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే ఆ పెన్షన్. చందాదారుడు చనిపోతే అతని పెన్షన్‌లో సగం జీవిత భాగస్వామికి అందుతుంది.

ఇప్పుడొక ఉదాహరణ చూద్దాం. ఒక టీచరమ్మ 30 ఏళ్లు పనిచేసిందనుకోండి. యాజమాన్యం ఆమె పేరును చివరి పదేళ్లే పి.ఎఫ్.లో చేర్చింది. చివరి ఐదేళ్ల సగటు వేతనం రూ. 14,000. ఆ 14,000ను 10తో గుణించి 70తో భాగిస్తే నెలకు రూ. 2,000 వస్తుంది. మొదటి 20 ఏళ్ల సేవ లెక్కలోకే రాలేదు. చివరి ఎనిమిదేళ్లే చేర్చి ఉంటే నెలవారీ పెన్షనే ఉండదు, కట్టినదానికి లెక్కకట్టి ఒకేసారి కొంత సొమ్ము చేతికిచ్చి పంపుతారు. ఆమె ముప్పై ఏళ్లూ బడికి వచ్చింది. ఆమె పేరు మాత్రం రిజిస్టరులోకి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి ఖరీదు ఆమె చనిపోయే వరకు నెలనెలా చెల్లిస్తూనే ఉంటుంది.

పాలకుల బాధ్యత గురించి కూడా చెప్పుకోవాలి. ఈ పథకం కింద కనీస పెన్షన్‌ను 2014 సెప్టెంబరులో నెలకు రూ. 1,000గా నిర్ణయించారు. పదేళ్లు గడిచిపోయినా ఆ అంకె కదల్లేదు. ధరలు పెరిగినా దానితోపాటు పెరిగే కరువు భత్యం లేదు. కనీసం రూ. 7,500, దాని మీద కరువు భత్యం ఇవ్వాలని పెన్షనర్లు ఏళ్ల తరబడి ఢిల్లీ వీధుల్లో అడుగుతున్నారు. తెలంగాణలో వృద్ధాప్య పెన్షన్‌ను 2019లో రూ. 2,016 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రూ. 4,000 చేశారు. పేదలకు ఇచ్చే ఆ పెన్షన్ ఎక్కువని మేము అనడం లేదు, అది న్యాయమే. జీవితమంతా చందా కట్టిన కార్మికునికి అందులో సగమైనా గ్యారంటీ లేకపోవడం మాత్రం న్యాయం కాదు. వృద్ధుల పక్షాన మన సంఘాలు ప్రభుత్వాన్ని అడగాలి. అయితే ప్రభుత్వాన్ని అడిగే నోరు ముందు తన ఇంటి లెక్క సరిచూసుకోవాలి.

ఇక గ్రాట్యుటీ. 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఐదేళ్లు నిండిన ఉద్యోగికి, పనిచేసిన ఒక్కో సంవత్సరానికి 15 రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక సంవత్సరానికి రావలసింది తేలుతుంది. రూ. 13,000 వేతనం ఉన్న ఆయాకు ఏడాదికి రూ. 7,500, అదే 30 ఏళ్లకు రూ. 2,25,000. కూతురి పెళ్లి అప్పు తీరడానికో, ఇంటి పైకప్పు వేయించుకోవడానికో ఆమె ఎదురుచూసే సొమ్ము అది. దాని బదులు రూ. 10,000 కవరులో పెట్టి, ఫొటో తీసి పంపితే ఆమె దగ్గర మనం తీసుకున్నది ఎంతో లెక్క వేసుకోవాలి.

టీచర్లకు గ్రాట్యుటీ వర్తించదని ఇప్పటికీ కొందరు కరస్పాండెంట్లు అంటుంటారు. అది పాత మాట. 2004లో సుప్రీంకోర్టు అలా చెప్పింది నిజమే. ఆ తర్వాత 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకూ వర్తించేలా చేసింది. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనని చెప్పింది. ఇక దాక్కోవడానికి చోటు లేదు.

సందుల్లోంచి తప్పుకునే తెలివి

చట్టాన్ని ఎదిరించేవారు మనలో తక్కువ. సందుల్లోంచి తప్పుకునేవారు మాత్రం ఉన్నారు. ఒకే యాజమాన్యం కింద ఉన్న స్కూలునూ హాస్టలునూ వేరు వేరు సంస్థలుగా చూపించి, ఎక్కడా 20 మంది లేరనడం ఒక పద్ధతి. నిజానికి శాఖలన్నిటినీ కలిపి ఒకే సంస్థగా చూడాలని పి.ఎఫ్. చట్టం చెప్పింది. ఒకసారి చట్టం కిందికి వచ్చాక సిబ్బంది సంఖ్య తగ్గినా బాధ్యత పోదు. పదకొండు నెలలకోసారి ఉద్యోగం తెంపి మళ్లీ ఇవ్వడం మరో పద్ధతి. జీతాన్ని గౌరవ వేతనమని పేరు మార్చి రాయడం ఇంకొకటి. అన్నిటికంటే ఘోరమైనది, ఉద్యోగి జీతంలోంచి పి.ఎఫ్. కోసమని కోసి, ఆ సొమ్మును జమ చేయకపోవడం. చట్టం దీన్ని నమ్మకద్రోహ నేరంగా చూస్తుంది. పనివారికి బిగబట్టిన కూలి దేవుని చెవికెక్కేలా కేక వేస్తుందని యాకోబు తన పత్రికలో రాసింది ఇలాంటి చోటనే గుర్తుకు రావాలి.

"సంస్థ నష్టాల్లో ఉంది, ఎయిడ్ ఆగిపోయింది, విదేశీ సాయం తగ్గింది, ఎక్కడి నుంచి తెమ్మంటారు?" అని యాజమాన్యాలు అడుగుతాయి. ఆ ఇబ్బంది అబద్ధమని మేము అనడం లేదు. గ్రామాల్లోని మిషన్ ఆసుపత్రులు ఎలా నెట్టుకొస్తున్నాయో మాకు తెలుసు. కాని అదే ఏడాదిలో గుడికి కొత్త గోపురం లేచింది, కన్వెన్షన్‌కు పెద్ద పందిరి పడింది, కమిటీకి కొత్త వాహనం వచ్చింది అంటే అక్కడ తక్కువైంది డబ్బు కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వివేచన తక్కువైంది. నిజంగా డబ్బు లేని సంస్థ బాకీని ఒప్పుకుని, కాగితం మీద రాసిచ్చి, వాయిదాల్లోనైనా తీర్చాలి. బాకీ ఉందని ఒప్పుకోవడం కూడా వృద్ధునికి ఒక గౌరవమే.

కాపరి ఇల్లు ఖాళీ చేసే రోజు

చట్టం లెక్కలోకి సరిగా రానివారు మన మధ్య ఇంకా ఉన్నారు. సంఘ కాపరులు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు. పెద్ద డయాసిస్‌లలో, సినడ్‌లలో కాపరులకు ఏదో ఒక నిధి ఉంటుంది. ఊరూరా ఉన్న స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల అదీ లేదు. కాపరి బతుకు ఆదివారం కానుకల మీద నడుస్తుంది. ఉన్న ఇల్లు సంఘానిది. ఆయన మంచం పడితే, లేక ప్రభువు పిలుపు వస్తే, పాస్టరమ్మ మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చేసి ఏ కొడుకు ఇంటికి పోవాలో వెతుక్కోవాలి. నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి రోగుల పక్కన కూర్చున్న బైబిలు స్త్రీకి చివరికి మిగిలేది కొంగున కట్టుకున్న బైబిలొక్కటే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొందరు పాస్టర్లకు నెలకు రూ. 5,000 గౌరవ వేతనం ప్రకటించింది. అందినవారికి అది ఆసరాయే. కాని ప్రభుత్వాలు మారతాయి, జాబితాలు మారతాయి. కాపరి వృద్ధాప్యం సంఘం భుజాల మీద ఉండవలసిన బరువు, ప్రభుత్వం మీదికి నెట్టేది కాదు.

ఇది మోయలేని బరువు కూడా కాదు. నూరు కుటుంబాల సంఘంలో ఇంటికి నెలకు రూ. 20 చొప్పున పక్కన పెడితే నెలకు రూ. 2,000. 25 ఏళ్లలో అసలే రూ. 6 లక్షలు. ఏటా 7 శాతం చొప్పున పెరిగిందనుకుంటే సుమారు రూ. 16 లక్షలు. ఒక కప్పు టీ, రెండు బిస్కెట్ల ఖరీదుతో ఒక కాపరి కుటుంబం ఎవరి ముందూ చేయి చాచకుండా బతకవచ్చు. దాన్ని ట్రెజరర్ బీరువాలో కాకుండా కాపరి పేరున జాతీయ పెన్షన్ పథకంలో వేయాలి. 40 ఏళ్లలోపు కాపరి అయితే, ఆదాయపు పన్ను కట్టనివారైతే, అటల్ పెన్షన్ యోజనలో చేర్చితే 60 ఏళ్ల తర్వాత నెలకు రూ. 1,000 నుంచి 5,000 వరకు ఖాయంగా వచ్చే వీలుంది. కమిటీలు మారినా, సంఘం రెండుగా చీలినా ఆ సొమ్ము ఆయనతోనే ఉంటుంది. ఇది చాలా ముఖ్యం.

యాభై దాటిన లేవీయులు

వయసు మీరిన ఉద్యోగి గురించి మాట్లాడేటప్పుడు రిటైర్మెంట్ రోజు ఒక్కటే చూస్తే చాలదు. అంతకు ముందు పదేళ్లు ఎలా గడిచాయన్నదీ చూడాలి. సంఖ్యాకాండము 8వ అధ్యాయంలో లేవీయుల గురించి ఒక ఏర్పాటు ఉంది. ఇరవై ఐదేళ్ల వయసులో గుడారపు సేవలో చేరినవారు యాభై ఏళ్లకు బరువు పనుల నుంచి తప్పుకుంటారు. కాని వారిని గుడారం నుంచి బయటికి పంపరు. తోటివారికి సాయంగా, కాపు చూసుకుంటూ అక్కడే ఉంటారు. మొయ్యడం మానేస్తారు, మోసేవారికి తోడుంటారు. బరువు తగ్గుతుంది గాని స్థానం పోదు.

మన సంస్థల్లో దీన్ని ఎలా పాటించవచ్చు? 55 దాటిన నర్సుకు రాత్రి డ్యూటీలు తప్పించి, కొత్తగా వచ్చిన నర్సులకు నేర్పే పని అప్పగించవచ్చు. మోకాళ్ల నొప్పులున్న టీచరమ్మ తరగతిని మేడ మీద నుంచి కింది గదికి మార్చవచ్చు. ఆమె కూర్చుని పాఠం చెప్పడానికి ఒక కుర్చీ వేయవచ్చు. ఇందులో కొన్నిటికి పైసా ఖర్చు లేదు. 40 దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలని కొత్త కార్మిక స్మృతుల సందర్భంగా ప్రభుత్వం ప్రకటించింది. సొంత ఆసుపత్రులున్న సంఘాలకు ఇదొక పెద్ద పనా?

రిటైరయ్యాక కూడా కొందరిని "సేవగా" పనిచేయమని పిలుస్తుంటాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62కు, తెలంగాణలో 61కి పెరిగింది. అరవైలో ఉన్నవారు పనిచేయగలరు, చేయాలనుకునేవారూ ఉన్నారు. కాని అవసరం సంస్థదైనప్పుడు ఎన్ని గంటలు, ఎంత జీతం అన్నది ముందే కాగితం మీద ఉండాలి. భక్తిని చూపించి కూలి ఎగ్గొట్టడం భక్తి కాదు.

వైద్యం సంగతి కూడా మరవవద్దు. నెలకు రూ. 21,000 లోపు వేతనం ఉన్న సిబ్బంది ఇ.ఎస్.ఐ. కిందికి వస్తారు. ఐదేళ్లు ఇ.ఎస్.ఐ.లో ఉండి రిటైరైనవారు ఏడాదికి రూ. 120 కడితే తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. ఏడాదికి నూట ఇరవై రూపాయలే. ఈ సంగతి తెలియక ఎంతోమంది వృద్ధులు ప్రైవేటు క్లినిక్కుల్లో అప్పులపాలవుతున్నారు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏటా రూ. 5 లక్షల వరకు వైద్యం చేయించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి ఉంది.

మన ఇంటి గడప దగ్గర

ఇదంతా బిషప్పులకూ కరస్పాండెంట్లకూ చెప్పే మాటని చదువరులు అనుకోవద్దు. మన బెంచీల్లో కూర్చునేవారిలో దుకాణాలు నడిపేవారున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఇద్దరు ముగ్గురికి పని ఇచ్చేవారున్నారు. మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మ ఉంది. ఆమెకు చట్టం ప్రకారం పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. ఆమెకు చట్టం లేకపోయినా మనకు మనస్సాక్షి ఉంది. ఆమె వయసు 40 లోపు అయితే శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో చేర్చవచ్చు. వయసును బట్టి నెలకు రూ. 55 నుంచి 200 వరకు కడితే అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది, 60 తర్వాత నెలకు రూ. 3,000 వస్తుంది. ఆ చందా మనమే కట్టవచ్చు. 40 దాటిన ఆమె పేరున పోస్టాఫీసులో ఒక రికరింగ్ డిపాజిట్ తెరవవచ్చు. క్రిస్మస్‌కు చీర పెట్టడం మంచిదే. చీర ఏడాదికి చిరుగుతుంది, పాసుబుక్కు నిలుస్తుంది.

సంఘంలోని యౌవనస్థులకు కూడా ఇక్కడ పని ఉంది. పెన్షనర్లు ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని ఋజువు ఇవ్వాలి. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దలు దీనికోసం బ్యాంకుల చుట్టూ తిరుగుతారు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పత్రం ఇవ్వవచ్చు. 2025 జనవరి నుంచి ఈ పి.ఎఫ్. పెన్షన్‌ను దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా తీసుకోవచ్చు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత నలుగురు యౌవనస్థులు ఫోన్లతో గుడి వరండాలో కూర్చుంటే, ఆ సంఘంలోని పెన్షనర్లందరి పని మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. అదే రోజు పనిలో ఉన్నవారి పి.ఎఫ్. పాసుబుక్కు కూడా చూడండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయా? నామినీ రాశారా? ప్రతి నెలా సొమ్ము జమ అయిందా? ఈ తప్పులు ఉద్యోగంలో ఉండగా దిద్దుకోవడం సులువు. రిటైరయ్యాకో, భర్త పోయాకో దిద్దించుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారినే అడగండి.

అడగవలసిన ఐదు ప్రశ్నలు

ఈ ఏడాది మీ పాస్టరేటు లేక సంఘ వార్షిక సమావేశంలో, లెక్కలు చదివాక ఎవరో ఒకరు లేచి ఈ ఐదు ప్రశ్నలు అడగాలని మా మనవి. మన దగ్గర జీతం తీసుకునేవారు ఎంతమంది, వారిలో పి.ఎఫ్.లో ఉన్నవారు ఎంతమంది? ఉద్యోగుల నుంచి కోసిన సొమ్ము ఏ నెల వరకు జమ అయింది? వచ్చే ఐదేళ్లలో రిటైరయ్యేవారెవరు, వారి గ్రాట్యుటీకి ఇప్పటికి ఎంత పక్కన పెట్టాం? మన కాపరి, ఆయన భార్య రేపు ఈ ఇల్లు విడిస్తే ఎక్కడ ఉంటారు? గత పదేళ్లలో మనం శాలువా కప్పి పంపినవారు ఇప్పుడెలా ఉన్నారు?

అడిగినవారిని గొడవ పెట్టేవారిగా చూడవద్దు. యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ లెక్క వారి చేతికి అప్పగించారు. లెక్క సరిచేయడం కూడా పరిచర్యేనని ఆనాటి సంఘానికి తెలుసు.

చివరగా మా సంగతి. ఇతరులకు చెప్పే ముందు మా ఇల్లు చూసుకోవాలి గదా. ఎన్నో ఏళ్ల క్రితం మా కార్యాలయంలో చందాదారుల చిరునామాలు రాసి, కట్టలు కట్టి, సైకిలు మీద పోస్టాఫీసుకు మోసిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన వెళ్లిపోయిన రోజు మేమూ శాలువా కప్పాం. మంచి మాటలు చెప్పాం, ఫొటో వేశాం. ఆయనకు రావలసిన గ్రాట్యుటీ మాత్రం ఇచ్చింది ఆయన పోయాక, ఆయన భార్యకు, అదీ ఆమె కొడుకు వచ్చి అడిగిన తర్వాత. ఆమె కాగితం మీద వేలిముద్ర వేసి, మాకే దండం పెట్టింది. తనకు రావలసింది తాను తీసుకుంటూ ఆమె దండం పెట్టవలసి వచ్చింది. ఆ సిగ్గు మాకింకా ఉంది. ఈ సంపాదకీయం రాయడానికి అదీ ఒక కారణం.

తలనెరసినవారి ముందు లేచి నిలబడాలని లేవీయకాండము మనకు నేర్పింది. గుడిలో లేచి నిలబడటం మనకు బాగానే వచ్చు. ఇక ఆఫీసు గదిలో, జీతాల రిజిస్టరు ముందు కూడా నిలబడాలి. ఈసారి మీ సంఘంలో ఎవరికైనా వీడ్కోలు సభ జరిగితే శాలువా తప్పకుండా కప్పండి. దానితోపాటు పెన్షన్ మంజూరు పత్రం, గ్రాట్యుటీ చెక్కు, వైద్యం కార్డు కూడా ఆ చేతుల్లో పెట్టండి. ఆ మూడూ సిద్ధంగా లేకపోతే సభ ఒక వారం వాయిదా వేసి, ముందు అవి సిద్ధం చేయండి.